‘రేట్ ఆఫ్ నాట్స్’ గురించి అపోహలు - వాస్తవాలు

ఎవరైనా మహా జోరు మీద పోతుంటే ఇంగ్లీషులో ‘గోయింగ్ ఎట్ ఎ రేట్ ఆఫ్ నాట్స్’ అంటారు. ఎక్కువగా బ్రిటన్, ఆస్ట్రేలియా వాళ్ల నోట వినిపించే మాట. ఓడల మీద డెక్ ఆఫీసర్‌గా పనిచేస్తాను, ఓడ వేగాన్ని కొలిచే నాట్స్ నాకు రోజూ ఉండే లెక్క. అందుకే దీని గురించి తప్పుడు సమాచారం కనిపిస్తే ఊరుకోలేను.

అపోహ: నాట్ అనేది ఊరికే పెట్టిన పేరు, ముడితో సంబంధం లేదు.

వాస్తవం: అచ్చంగా తాడుకి వేసిన ముడే. తాడు కట్టిన చెక్కను నీళ్లలో వదిలి వేగం కొలవడం గురించి 1574లోనే విలియం బోర్న్ రాశాడు, ముడులు ఆ తర్వాత వచ్చాయి. చెక్క నీళ్లలో నిటారుగా నిలబడేలా గుండ్రటి అంచుకి సీసం బిగించేవాళ్లు. దాన్ని ఓడ వెనకనుంచి వదిలితే అది దాదాపు ఉన్నచోటే ఉండిపోతుంది, ఓడ ముందుకెళ్తుంటే చుట్ట నుంచి తాడు జారిపోతూ ఉంటుంది. ఓడ వెనక సుడులు దాటేదాకా కొంత తాడు వదిలేసి, అక్కడ కట్టిన గుడ్డపీలిక చేతికి తగలగానే ఇసుక గడియారం తిప్పేవాళ్లు. ఇసుక అయిపోయేలోపు ఎన్ని ముడులు వేళ్ల మధ్యనుంచి జారితే అన్ని నాట్స్. గడియారం 28 సెకన్లది, ముడికీ ముడికీ మధ్య 47 అడుగుల 3 అంగుళాలు. గంటలో 28 సెకన్లు ఎన్నో వంతో, నాటికల్ మైలులో (సముద్రం మీద దూరం కొలిచే మైలు) ఈ పొడవు దాదాపు అన్నో వంతు. ఓడ మరీ జోరుగా ఉంటే 14 సెకన్ల గడియారం పెట్టి, లెక్కని రెట్టింపు చేసేవాళ్లు. తాడు తడిసి కుదించుకుపోతే లెక్క తప్పుతుంది కాబట్టి దాన్ని మళ్లీ మళ్లీ కొలిచి చూసుకునేవాళ్లు. నాకు ఎంతో గౌరవం ఈ పనితనమంటే.

అపోహ: ‘గంటకి 15 నాట్స్’ అనొచ్చు.

వాస్తవం: అనకూడదు. నాట్ అంటేనే గంటకి ఒక నాటికల్ మైలు, అంటే గంటకి 1.852 కిలోమీటర్లు. కొత్తగా చేరిన క్యాడెట్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పాత పుస్తకాల్లో అలా రాసినవాళ్లూ ఉన్నారు గానీ, ఇప్పుడు బ్రిడ్జి మీద, అంటే ఓడ నడిపించే గదిలో, అలా అంటే వెంటనే దిద్దుతారు.

అపోహ: ఆ రోజుల్లో ఓడలు నిజంగానే విపరీతమైన వేగంతో వెళ్లేవి కాబట్టే ఈ మాట పుట్టింది.

వాస్తవం: 1869లో కట్టిన ‘కటీ సార్క్’ టీ రవాణాలో పేరుమోసిన తెరచాప ఓడ. దాని అత్యధిక వేగంగా నమోదైంది 17.5 నాట్స్, అంటే గంటకి సుమారు 32 కిలోమీటర్లు. రోడ్డు మీద స్కూటర్ అంతకన్నా వేగంగా పోతుంది. కానీ గాలినే నమ్ముకున్న అంత బరువైన ఓడకి అది అసాధారణమైన జోరు, తాడు పట్టుకున్నవాడి చేతిలో ముడులు టకటకా జారిపోయే వేగం.

అపోహ: ఓడలకీ పడవలకీ మాత్రమే వాడాలి.

వాస్తవం: కారు నడిపేవాళ్లకి, గుక్క తిప్పుకోకుండా మాట్లాడేవాళ్లకి, డబ్బు మంచినీళ్లలా ఖర్చుపెట్టేవాళ్లకి కూడా వాడతారు. మాటల్లో, స్నేహితులకి రాసే మెసేజ్‌ల్లో బాగుంటుంది, ఆఫీసు రిపోర్టులో వద్దు. మధ్యలో అంకె పెట్టకండి. ‘రేట్ ఆఫ్ టెన్ నాట్స్’ అన్నారంటే అది జాతీయం కాదు, మామూలు కొలతే.