ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని జయపురం, కొరాపుట్, రాయగడ ప్రాంతాల్లో పాత ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ళ వాడకం పెరిగింది. ప్రాడో, ఎండీవర్, ఫార్చ్యూనర్ వంటివి మైదాన ప్రాంతంలో కొన్నేళ్ళు తిరిగాక సెకండ్ హ్యాండులో ఇక్కడికి చేరుతున్నాయి. వాటిలో ఆటోమేటిక్ బళ్ళు వచ్చినప్పుడు మా షెడ్డులో ఎక్కువగా వినే మాట: "గేర్‌బాక్స్ పోయిందట, దింపాలట." దింపే ముందు కూలర్ (గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే భాగం) చూశారా అని అడిగితే చాలామంది వద్ద సమాధానం ఉండదు. కూలర్‌కయ్యే ఖర్చుకు, గేర్‌బాక్స్‌కయ్యే ఖర్చుకు పోలికే లేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అపోహ: ఘాట్ ఎక్కేటప్పుడు గేరు జారుతోందంటే లోపలి క్లచ్ ప్లేట్లు అరిగిపోయినట్టే.

వాస్తవం: అరిగి ఉండవచ్చు. కానీ ముందు అనుమానించాల్సింది వేడిని. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతున్నప్పుడు లారీల వెనక, తక్కువ గేరులో, నిండు బరువుతో బండి నెమ్మదిగా సాగుతుంది. ఆ వేగంలో టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) లాక్ కాదు, అంటే నేరుగా పట్టుకోదు. ఇంజన్ ఇచ్చే శక్తిలో కొంత భాగం ఆయిల్‌ను చిలకడంలోనే వేడిగా మారిపోతుంది. మామూలుగా 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉండాల్సిన ఆయిల్ 120 దాటితే చాలా త్వరగా చెడిపోతుంది. చదును రోడ్డు మీద బాగానే ఉండి, అరగంట ఎక్కాక మాత్రమే జారుతూ, చల్లారాక మళ్ళీ మామూలుగా నడిచే బండి కనిపిస్తే నేను మొదట కూలర్ దగ్గరికే వెళ్తాను.

పరీక్ష కష్టమేమీ కాదు. కూలర్ నుంచి గేర్‌బాక్స్‌కు తిరిగి వెళ్ళే పైపును విప్పి, కొలత గీతలున్న డబ్బాలోకి వదిలి, ఇంజన్ ఐడిల్‌లో పెట్టాలి. సుమారు అర నిమిషంలోపు లీటరు ఆయిల్ రావాలి. రాగానే ఇంజన్ ఆపి, పోయినంత కొత్త ఆయిల్ పోయాలి. ధార సన్నగా ఉంటే ఎక్కడో అడ్డు ఉన్నట్టే.

రేడియేటర్ బయట విడిగా కూలర్ ఉన్న బళ్ళలో ఇంకొకటి చూడాలి. దమన్‌జోడి, లక్ష్మీపూర్ వైపు తిరిగే బళ్ళలో ఏసీ కండెన్సర్‌కు, రేడియేటర్‌కు నడుమ ఎర్రమట్టి గట్టిగా పేరుకుంటుంది. ముందు నుంచి చూస్తే శుభ్రంగా ఉన్నట్టే కనిపిస్తుంది. పై పట్టీ విప్పి లైటు వేసి చూస్తే గాలి పోయే సందే ఉండదు. దాన్ని ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడి నీటితో కడగాలి. వాటర్ సర్వీసు తుపాకీని దగ్గరగా పెట్టి కొడితే పలచని రేకులు మడత పడి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

అపోహ: రేడియేటర్ ఎక్కడా కారడం లేదు కాబట్టి కూలర్ బాగున్నట్టే.

వాస్తవం: గేర్‌బాక్స్‌లను అన్నిటికంటే ఎక్కువగా పొట్టన పెట్టుకునే నమ్మకం ఇదే. చాలా బళ్ళలో అసలు కూలర్ బయటికి కనిపించదు. రేడియేటర్ కింది ట్యాంకులోనో, పక్క ట్యాంకులోనో కూలంట్‌లో (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవంలో) మునిగి ఉంటుంది. అది తుప్పు పట్టి చిల్లు పడితే ఒక్క చుక్కా నేల మీద పడదు. రెండు ద్రవాలూ లోలోపలే కలిసిపోతాయి.

కలిసే తీరు కూడా తెలుసుకోవాలి. ఇంజన్ నడుస్తున్నప్పుడు సాధారణంగా ఆయిల్ ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఆయిల్ కూలంట్‌లోకి వెళ్తుంది. ఇంజన్ ఆపగానే ఆయిల్ ఒత్తిడి సున్నాకు పడిపోతుంది. కానీ వేడి రేడియేటర్‌లో మూత పట్టి ఉంచిన ఒత్తిడి ఇంకా అలాగే ఉంటుంది. అప్పుడు కూలంట్ గేర్‌బాక్స్‌లోకి దూరుతుంది. అంటే బండి ఇంటి ముందు ఆగి ఉన్నప్పుడే నష్టం జరుగుతుంది.

గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్లేట్ల మీద ఉండేది కాగితం లాంటి పదార్థం, జిగురుతో అతికించింది. కూలంట్‌లోని నీరు, గ్లైకాల్ తగిలితే ఆ జిగురు వదిలేస్తుంది. డిప్ స్టిక్ తీసి వేళ్ళ మధ్య రుద్ది చూడండి. మంచి ఆయిల్ పలచగా, పారదర్శకంగా ఉంటుంది. నీరు కలిసినది మసకబారి, గులాబీ రంగు మీగడలా తేలిపోతుంది. కూలంట్ ట్యాంకు మూత అడుగున కూడా అదే నురుగు కనిపిస్తే ఇక బండి స్టార్ట్ చేయకండి. కట్టి లాగించుకు రావద్దు, లారీ ఎక్కించి తీసుకురండి.

ఒకసారి ఆయిల్ దించి కొత్తది పోస్తే సరిపోతుందని ఇలాంటప్పుడు సలహా ఇచ్చేవారుంటారు. సరిపోదు. కింది ప్లగ్ విప్పితే వచ్చేది మొత్తంలో కొంత భాగమే. మిగిలింది టార్క్ కన్వర్టర్‌లో, పైపుల్లో ఉండిపోతుంది. కూలర్ మార్చి, ఆయిల్ శుభ్రంగా వచ్చేదాకా పదే పదే మార్చాలి. నీరు కలిశాక బండిని కొన్నాళ్ళు నడిపి ఉంటే ప్లేట్లు కూడా మార్చాల్సి రావచ్చు. ఆ సంగతి యజమానికి ముందే చెప్పడం మెకానిక్ బాధ్యత.

ఇక్కడి బళ్ళ విషయంలో ఒక జాగ్రత్త ఉంది. వానాకాలంలో గెడ్డలు (వాగులు) దాటేటప్పుడు గేర్‌బాక్స్ బ్రీదర్ పైపు (లోపలి గాలి ఆడే గొట్టం) ద్వారా కూడా నీరు లోపలికి పోతుంది. వేడి గేర్‌బాక్స్ ఒక్కసారిగా చల్లబడి లోపలికి పీల్చుకుంటుంది. ఆయిల్ మసకబారినా కూలంట్ శుభ్రంగా ఉండి, దాని మట్టం తగ్గకపోతే రేడియేటర్‌ను తప్పు పట్టకండి. బ్రీదర్ గొట్టం ఊడిందేమో చూసి, కొత్త గొట్టం వేసి, దాని కొసను బానెట్ కింద ఎత్తుగా కట్టండి.

అపోహ: గేర్‌బాక్స్ ఓవర్‌హాల్ చేయించాం, పాత కూలర్‌ను పెట్రోలుతో కడిగి బిగిస్తే చాలు.

వాస్తవం: చెడిపోయిన గేర్‌బాక్స్ నుంచి వచ్చిన ఇనుప రజను అంతా కూలర్‌లోనే దాక్కుంటుంది. రేడియేటర్ లోపలి కూలర్‌లో, పలకలు పేర్చిన కూలర్‌లో ఆయిల్ తిరిగే దారులు చాలా సన్నవి. ఎంత కడిగినా రజను మొత్తం రాదు. కొత్తగా అమర్చిన గేర్‌బాక్స్‌లోకి అదే రజను తిరిగి చేరుతుంది. ఇంత ఖర్చు పెట్టాక కూలర్ దగ్గర పొదుపు చేయకండి.

అపోహ: బయట వీలైనంత పెద్ద కూలర్ పెట్టి, రేడియేటర్ దారిని పూర్తిగా తప్పిస్తే మేలు.

వాస్తవం: రేడియేటర్‌లోని కూలర్ చల్లబరచడమే కాదు, పొద్దున్నే ఆయిల్‌ను త్వరగా వేడెక్కిస్తుంది కూడా. చలికాలంలో సిమిలిగుడ, పొట్టంగి వైపు తెల్లవారుజామున 10 డిగ్రీల కిందికి దిగుతుంది. ఆయిల్ చల్లగా ఉన్నంతసేపు చాలా గేర్‌బాక్స్‌లు లాకప్‌ను (టార్క్ కన్వర్టర్ లాక్ కావడాన్ని) పట్టనివ్వవు, గేర్లు ఆలస్యంగా మారతాయి. నేను సూచించే వరుస ఇది: గేర్‌బాక్స్ నుంచి రేడియేటర్‌కు, అక్కడి నుంచి బయటి కూలర్‌కు, తిరిగి గేర్‌బాక్స్‌కు. రేడియేటర్ మరీ పాతదైతే దాన్ని తప్పించకుండా కొత్తది వేయడమే మంచిది.

అపోహ: విప్పడం, బిగించడం ఎవరైనా చేస్తారు.

వాస్తవం: చేయి తిరగనివారు ఈ పనిలోనే కొత్త రేడియేటర్‌ను కూడా పాడు చేస్తారు. రేడియేటర్ దగ్గర పైపు నట్టు విప్పేటప్పుడు రెండు పానాలు వాడాలి. ఒకటి రేడియేటర్‌కు బిగించి ఉన్న అడాప్టర్‌ను కదలకుండా పట్టుకోవాలి, రెండోది పైపు నట్టును తిప్పాలి. ఒక్క పానాతో బలంగా లాగితే అడాప్టర్ తిరిగి, లోపలి కూలర్ అతుకు చీలుతుంది. బయటికి ఏమీ తెలియదు. కొన్నాళ్ళకు పైన చెప్పిన గులాబీ నురుగు మొదలవుతుంది.

పైపు చివర గరాటులా విప్పారి ఉండే ఫ్లేర్ అతుకుల మీద టెఫ్లాన్ టేపు చుట్టకండి. అక్కడ ఆయిల్‌ను ఆపేది ఆ విప్పారిన అంచు, మరలు కాదు. తెగిన టేపు ముక్క వాల్వ్ బాడీలోకి (గేర్లు మార్చేందుకు ఆయిల్‌ను నడిపే భాగంలోకి) చేరితే గేర్లు పట్టవు. రబ్బరు గొట్టాల విషయంలోనూ అంతే. నీళ్ళ గొట్టం, పెట్రోలు గొట్టం ఈ వేడికి నిలవవు. గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్‌కని తయారైన గొట్టమే కావాలి. ఇక్కడ దొరక్కపోతే విశాఖ నుంచి తెప్పించుకోండి, ఒక రోజు ఆగినా ఫరవాలేదు.

బయటి కూలర్‌ను కండెన్సర్ రేకుల గుండా ప్లాస్టిక్ ట్యాగులు దూర్చి కట్టడం చాలా చోట్ల చూస్తున్నాను. నగరపు రోడ్డు మీద కొంతకాలం నిలుస్తుందేమో. గుప్తేశ్వర్ అడవి దారిలో అదురుడుకు ఆ ట్యాగు కండెన్సర్ గొట్టాన్ని కోసేస్తుంది. ఇనుప పట్టీ కొట్టించి, రబ్బరు బుషింగులతో ఛాసిస్‌కు బిగించాలి.

అపోహ: లో రేంజ్ (ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ళలో వేగం తగ్గించి బలం పెంచే గేరు) వేస్తే గేర్‌బాక్స్ మీద భారం పెరుగుతుంది.

వాస్తవం: దీనికి పూర్తి వ్యతిరేకం. లో రేంజ్ గేర్లుండే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే పెట్టె) గేర్‌బాక్స్ తర్వాత ఉంటుంది. బలం అక్కడ పెరుగుతుంది కాబట్టి గేర్‌బాక్స్‌కు శ్రమ తగ్గుతుంది, టార్క్ కన్వర్టర్ తక్కువగా జారుతుంది, ఆయిల్ తక్కువ వేడెక్కుతుంది. మట్టి, రాళ్ళ దారుల్లో నిటారుగా ఎక్కేటప్పుడు మొహమాటం లేకుండా వాడండి. తారు రోడ్డు మీద మాత్రం వద్దు.

అపోహ: ఎర్రగా ఉన్న ఆయిల్ ఏదైనా ఒకటే, మట్టం ఇంజన్ ఆయిల్ చూసినట్టే చూడాలి.

వాస్తవం: ఎరుపు కేవలం కలిపిన రంగు. టయోటాలోనే టీ-4 రకం వేరు, డబ్ల్యూఎస్ రకం వేరు, ఒకదాని బదులు మరొకటి పోయకూడదు. బండి పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే. మట్టం చాలా బళ్ళలో ఇంజన్ నడుస్తుండగా, చదును నేల మీద, ఆయిల్ వేడెక్కాక, బ్రేకు తొక్కి లివర్‌ను అన్ని స్థానాల్లోకీ తిప్పి చూడాలి. డిప్ స్టిక్ లేని బళ్ళకు నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద కింది ప్లగ్ విప్పి చూసే పద్ధతి ఉంది, దానికి ఆయిల్ ఉష్ణోగ్రత చూపే స్కానర్ ఉన్న చోటికే వెళ్ళండి. ఎక్కువ పోసినా ప్రమాదమే. తిరిగే భాగాలకు తగిలి నురుగు కట్టి, ఒత్తిడి పడిపోతుంది.

కూలర్ మార్చిన బండిని జయపురం నుంచి కొరాపుట్ ఘాట్ మీదుగా ఒకసారి ఎక్కించి తీసుకురండి. వేడి మీదనే ప్రతి అతుకునూ తెల్ల గుడ్డతో తుడిచి చూడండి. గొట్టం క్లిప్పు దగ్గర ఎర్ర మరక పడితే క్లిప్పును ఇంకా బిగించకండి, గొట్టం కోసుకుపోతుంది. చల్లారనిచ్చి, గొట్టం తీసి, అంచు చక్కగా కోసి, పైపు ఉబ్బు దాటేదాకా లోపలికి తొడిగి మళ్ళీ క్లిప్పు వేయండి.