బెల్ట్ గ్రైండర్ కొనే ముందు: ఇంట్లో కత్తులు చేసేవాళ్ళ అపోహలు - వాస్తవాలు

“అన్నా, ఎన్ని వాట్ల మెషిన్ తీసుకోమంటావ్?” బెల్ట్ గ్రైండర్ (గరుకు బెల్ట్‌ను తిప్పి ఉక్కును అరగదీసే మెషిన్) గురించి, కత్తులు చెయ్యడం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు నన్ను ముందుగా అడిగేది ఇదే. నేను తిరిగి వాళ్ళని మూడు అడుగుతాను. దాని బెల్ట్ కొలత ఎంత? ఆ బెల్ట్ నీకు ఎక్కడ దొరుకుతుంది? నిమిషానికి ఎన్ని మీటర్లు తిరుగుతుంది? చాలామంది దగ్గర మూడింటికీ జవాబు ఉండదు.

బాల్కనీలోనో, ఇంటి వెనక రేకుల షెడ్డులోనో పని చేసుకుని, అయ్యాక మెషిన్ ఎత్తి పక్కన పెట్టుకోవాల్సినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేనూ అలాగే మొదలుపెట్టాను. చేసేవి వంటింటి కత్తులు, తోట పని కత్తులు. మొదటి మూడేళ్ళు నా పనికి సరిపడని మెషిన్ మీదే గడిచాయి కాబట్టి ఇందులో కొంత ఆ నష్టం నేర్పిందే.

అపోహ: వాట్లు ఎక్కువుంటే మెషిన్ బలమైనది.

చేత్తో పట్టుకునే పరికరాల మీద రాసే వాట్లు అది గోడ సాకెట్ నుంచి లాక్కునే కరెంటు లెక్క. ఇండక్షన్ మోటారు ప్లేటు మీద రాసే హెచ్.పి. మాత్రం షాఫ్టు దగ్గర బయటికి వచ్చే బలం. 1 హెచ్.పి. అంటే 746 వాట్లు. అందుకే 750 వాట్ల హ్యాండ్ టూల్‌నూ 1 హెచ్.పి. బెంచ్ మోటారునూ పక్కపక్కన పెట్టి సమానం అనుకోకూడదు. ఇనుము గట్టిగా నొక్కగానే మొదటిది గొంతు మారుస్తుంది, రెండోది దాదాపు అదే వేగంతో తిరుగుతుంది.

25 మి.మీ. వెడల్పు బెల్ట్‌కి మూడో వంతు నుంచి అర హెచ్.పి. చాలు. 50 మి.మీ. బెల్ట్‌కి కనీసం 1, వీలైతే ఒకటిన్నర కావాలి. అంతకు మించి పెట్టే డబ్బు బెల్ట్‌ల మీద పెట్టండి.

వేగం లెక్క మీరే వేసుకోవచ్చు: డ్రైవ్ చక్రం (మోటారు మీద ఉండి బెల్ట్‌ను తిప్పేది) వ్యాసాన్ని మీటర్లలో తీసుకుని 3.14తో, మోటారు ఆర్‌పీఎంతో గుణించండి. 100 మి.మీ. చక్రం, 2800 ఆర్‌పీఎం మోటారు అయితే నిమిషానికి సుమారు 880 మీటర్లు. అదే చక్రం 1400 ఆర్‌పీఎం మోటారు మీద 440 మీటర్లు. ఒకే వేగం ఉన్న మెషిన్ కొనాల్సి వస్తే కొత్తవాళ్ళకి నేను రెండోదే చెబుతాను. పని ఆలస్యమవుతుంది, నిజమే. కానీ చెయ్యి తడబడిన క్షణంలో పోయే ఇనుమూ సగమే.

అపోహ: చిన్న బెల్ట్ మెషిన్ చౌక, పని అదే.

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు, కాస్త వివరంగా చెబుతాను. చిన్న బెంచ్ మెషిన్లలో మామూలుగా కనిపించే కొలత 25×762 మి.మీ. అమెరికాలో కత్తులు చేసేవాళ్ళ ప్రామాణిక కొలత 2×72 అంగుళాలు, మన లెక్కలో దాదాపు 50×1830. పెద్ద బెల్ట్‌కి గరుకు తలం చిన్నదానికి దాదాపు ఐదింతలు. అంతకన్నా ముఖ్యమైనది వేడి. రెండూ సెకనుకి 15 మీటర్ల వేగంతో తిరుగుతున్నాయనుకోండి. చిన్న బెల్ట్ మీది ప్రతి రేణువూ సెకనుకి ఇరవై సార్లు మీ ఉక్కును రాస్తుంది, పెద్ద బెల్ట్ మీదిది ఎనిమిది సార్లు. చిన్నదానికి మధ్యలో చల్లారే వ్యవధి అంత తగ్గుతుంది. బెల్ట్ త్వరగా మొండి అవుతుంది, మొండి బెల్ట్ కొయ్యడం మానేసి రుద్దడం మొదలుపెడుతుంది, రుద్దితే వేడి ఇంకా పెరుగుతుంది.

కార్బన్ స్టీల్‌ను క్వెంచ్ చేశాక (ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరిచాక) ఓవెన్‌లో సుమారు 200 డిగ్రీల దగ్గర టెంపర్ చేస్తాం, అంటే పెళుసుదనం తగ్గిస్తాం. ఆ తర్వాత గ్రైండింగ్‌లో వాదర (పదును అంచు) అంతకన్నా చాలా వేడెక్కితే గట్టిదనం దిగిపోతుంది. లేత గడ్డి రంగు కనిపిస్తే దాదాపు 220 దాటింది. నీలం కనిపిస్తే 300 దరిదాపుల్లోకి వెళ్ళింది. అక్కడ ఇక పదును నిలవదు. అమ్మ కోసం చేసిన మొదటి కూరగాయల కత్తికి నేను చేసింది ఇదే. మొన దగ్గర గోరంత నీలం వచ్చింది, రుద్దితే రంగు పోయింది కదా అని ఇచ్చేశాను. రెండు వారాలకే అక్కడ మొద్దుబారింది, అమ్మ మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుంది.

అలాగని చిన్న మెషిన్ కొనొద్దని కాదు. దానికి తగ్గట్టు పని మార్చుకోవాలి. అలుగు (కత్తిలో కోసే భాగం) వాలులు చాలావరకు క్వెంచ్‌కి ముందే, ఉక్కు మెత్తగా ఉన్నప్పుడే తీసెయ్యండి. వాదర దగ్గర మాత్రం ఒక మిల్లీమీటరు మందం వదలండి, మరీ పలచన చేస్తే క్వెంచ్‌లో వంకర పోతుంది, పగులుతుంది కూడా. తర్వాత మిగిలిన కాస్తా కొత్త బెల్ట్‌తో, చేతులకి గ్లవుజులు లేకుండా, రెండు మూడు సెకన్లకోసారి నీళ్ళలో ముంచుతూ తియ్యండి. వేళ్ళు ఓర్చుకోలేనంత వేడెక్కక ముందే మీకు తెలిసిపోతుంది. నూలు గ్లవుజులు తిరిగే బెల్ట్ దగ్గర అసలే వద్దు, దారం చిక్కితే చెయ్యి లోపలికి లాగేస్తుంది.

ఉక్కు మందం కూడా చూసుకోండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల లారీ కమాన్ పట్టీ ముక్కలు తేలిగ్గా దొరుకుతాయి. ఉక్కు మంచిదే, కానీ ఆ మందాన్ని 25 మి.మీ. బెల్ట్‌తో అరగదీయడానికి వారాలు పడుతుంది. పైగా పాత పట్టీలో కంటికి కనపడని పగుళ్ళు ఉండవచ్చు. వంటింటి కత్తికి రెండున్నర మి.మీ. కొత్త పట్టీ కొనుక్కుంటే చిన్న మెషిన్ హాయిగా సరిపోతుంది.

అపోహ: చెక్కపనికి వాడే బెల్ట్ శాండర్‌ను తిరగేసి బిగిస్తే గ్రైండర్ అయిపోతుంది.

పిడి చెక్కలు నున్నగా చెయ్యడానికి అయితే అవుతుంది. 75 మి.మీ. వెడల్పు బెల్ట్, చవకగా దొరుకుతుంది. కానీ బెల్ట్ వెనక ఉండేది పలచని రేకు, దాని కింద మెత్తటి పొర. చెక్క మీద అది మేలే. ఉక్కు మీద మాత్రం ఆ మెత్తదనం వల్ల వాలు చదునుగా రాదు, అంచులు గుండ్రమవుతాయి. ఇంకో ప్రమాదం దాని దుమ్ము సంచి. లోపల రంపపు పొట్టు ఉండగా ఇనుప రవ్వలు వెళ్ళి పడితే లోలోపల రాజుకుని, మీరు వెళ్ళి పడుకున్నాక మంట లేస్తుంది. ఇనుము పట్టే ముందు సంచి తీసెయ్యండి, లోపలి గొట్టం కూడా దులపండి.

అపోహ: యాంగిల్ గ్రైండర్‌కి బెల్ట్ అటాచ్‌మెంట్ ఉంటే వేరే మెషిన్ అక్కర్లేదు.

మన దగ్గర 4 అంగుళాల గ్రైండర్లకి స్పిండిల్ (డిస్క్ బిగించే షాఫ్టు) మర కొలత ఎక్కువగా ఎం10, 5 అంగుళాల వాటికి ఎం14. కొనే ముందు ఇది సరిచూసుకోండి. 11,000 ఆర్‌పీఎం మీద 30 మి.మీ. చక్రం పెట్టినా వేగం నిమిషానికి వెయ్యి మీటర్లు దాటుతుంది, సన్నటి బెల్ట్ మీద అంత వేగం అంటే క్షణాల్లో నీలం. వేలు పట్టే వంపు, పిడి లోపలి మలుపులు, అంచున లేచిన పొక్కు తీయడం, ఈ పనులకి నాకు ఇప్పటికీ ఇదే ఇష్టం. రెండు వైపులా సమానంగా వాలు తియ్యడానికి పనికిరాదు. అక్కడ మెషిన్ కదలకుండా ఉండి అలుగు కదలాలి.

అపోహ: ఫ్యాన్ రెగ్యులేటర్ పెడితే స్పీడు తగ్గించుకోవచ్చు.

బ్రష్‌లున్న మోటారుకి దాని సామర్థ్యానికి తగిన కంట్రోలర్ పెడితే కొంత పనిచేస్తుంది. ఇండక్షన్ మోటారుకి వద్దు. బలం పోతుంది, వేగం సరిగా తగ్గదు, చుట్ట కాలుతుంది. వేగం నిజంగా మార్చుకోవాలంటే త్రీ ఫేజ్ మోటారు, దానికి సింగిల్ ఫేజ్ తీసుకునే వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే కంట్రోలర్). 230 వోల్టుల వీఎఫ్‌డీ అయితే మోటారును డెల్టాలో (మోటారు వైర్లు కలిపే ఒక పద్ధతి) కలపాలి, అందుకు వీలుందో లేదో మోటారు ప్లేటు చూడండి. వీఎఫ్‌డీని దుమ్ము చొరబడని డబ్బాలో పెట్టండి, ఇనుప పొడి లోపలికి పోతే బోర్డు షార్ట్ అవుతుంది. 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్ ఉండాలి. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు మీద మోటారు నడపకండి.

అపోహ: మెషిన్ లేనిదే మొదలుపెట్టలేం.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఉక్కు తీసిన రోజుల్లో పర్షియా నుంచి వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. ఆ ఉక్కుతో కత్తులు చేసినవాళ్ళకి కరెంటు బెల్ట్ లేదు. ఒక మంచి ఆకురాయి, వైస్, మెత్తబరిచిన 2.5 మి.మీ. పట్టీ ఉంటే నాలుగైదు సాయంత్రాల్లో వాలులు వస్తాయి. మొదటి రెండు కత్తులూ ఇలా చేసినవాళ్ళకి మెషిన్ దేనికి కావాలో స్పష్టంగా తెలుస్తుంది.

ఇక షాపుకి వెళ్ళినప్పుడు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అయినా మీ ఊళ్ళో అయినా, జేబులో ఒక స్టీల్ స్కేలు పెట్టుకెళ్ళండి. బెల్ట్ వెనక ప్లేటు మీద స్కేలు అంచు ఆనించి వెలుతురుకి ఎదురుగా చూడండి, మధ్యలో వెలుగు కనిపిస్తే ప్లేటు వంకర. ఆన్ చేయించి, ఒక చెక్క ముక్కతో నొక్కమనండి. బెల్ట్ పక్కకి జారకుండా నిలవాలి. ఆ తర్వాత అదే కొలతలో 60, 120, 220 గ్రిట్ (గరుకుదనం అంకె) బెల్ట్‌లు పదేసి అడగండి, 60లో మటుకు సిరామిక్ గానీ జిర్కోనియా గానీ రేణువులున్నవి. లేవంటే, ఎక్కడ దొరుకుతాయో ఫోన్ చేసి కనుక్కున్నాకే మెషిన్‌కి డబ్బు కట్టండి.