లావుకి థైరాయిడా, థైరాయిడ్‌కి లావా?

మొన్న మా పిన్ని హెల్త్ చెకప్ ఫైలు తెచ్చి నా ముందు పడేసింది. స్కానింగ్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్, అంటే కాలేయంలో కొవ్వు, ఇంకా తొలి మెట్టులోనే. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 6.2, హద్దు దాటింది కాబట్టి బొద్దు అక్షరాల్లో ఉంది. "చూశావురా, నా ఒళ్లు తిండి వల్ల వచ్చింది కాదు, ఇదంతా థైరాయిడే" అంది. కింది వరుసలో థైరాయిడ్ గ్రంథి వదిలే హార్మోన్ టీ4 నార్మల్‌గానే ఉంది. అది చూడలేదు.

టీఎస్‌హెచ్ థైరాయిడ్ గ్రంథిలో తయారయ్యేది కాదు. మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి, ఎద్దును అదిలించినట్టు, దీంతో థైరాయిడ్‌ను అదిలిస్తుంది. ఎద్దు మొరాయిస్తే అదిలింపు ఎక్కువవుతుంది. కానీ అంకె పెరగడానికి ఇదొక్కటే కారణం కాదు. ఒంట్లో కొవ్వు పెరిగేకొద్దీ కొవ్వు కణాల నుంచి లెప్టిన్ అనే హార్మోన్ ఎక్కువగా వస్తుంది. అది మెదడులో పిట్యూటరీని నడిపించే హైపోథాలమస్‌ను ఎగదోస్తే టీఎస్‌హెచ్ కొంచెం పైకి జరుగుతుంది. అలాంటివాళ్లు బరువు తగ్గితే చాలాసార్లు ఆ అంకె మాత్ర లేకుండానే దిగుతుంది. థైరాయిడ్ నిజంగా మందగించినా పెరిగే బరువు మామూలుగా రెండు నుంచి ఐదు కిలోలు, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పూ నీరూ. పిన్ని పెరిగింది పద్దెనిమిది.

హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించిన ఒక అధ్యయనం 2025లో వచ్చింది. 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఉంది. అందరికీ థైరాయిడ్ పాడైందంటే నమ్మగలమా?

అలాగని కాలేయానికీ థైరాయిడ్‌కీ సంబంధం లేదనడానికి లేదు. గ్రంథి నుంచి ఎక్కువగా వచ్చేది టీ4, అసలు పనిచేసేది టీ3. టీ4 నుంచి ఒక అయోడిన్ పరమాణువును ఊడబీకితే టీ3 అవుతుంది. ఆ పని కొంత కాలేయంలోనే జరుగుతుంది. టీ3 కాలేయ కణాల చేత కొవ్వును కరిగింపజేస్తుంది. అది చాలకపోతే కొవ్వు పేరుకోవడం సులువవుతుంది.

అయితే అందరికీ థైరాయిడ్ హార్మోన్ ఇచ్చేస్తే పోలేదా? అలాంటి ప్రయత్నం ఒకటి జరిగింది. కొలెస్ట్రాల్ తగ్గించడానికి అమెరికాలో గుండెజబ్బు రోగులకు డెక్స్‌ట్రోథైరాక్సిన్ అనే, థైరాయిడ్ హార్మోన్‌కు జోడీ లాంటి మందు ఇచ్చి చూశారు. కొలెస్ట్రాల్ తగ్గింది, మరణాలు పెరిగాయి. 1970ల మొదట్లో ఆపేశారు. థైరాయిడ్ హార్మోన్‌ను అందుకునే రిసెప్టర్లు ముఖ్యంగా రెండు రకాలు: గుండెలో ఎక్కువగా ఆల్ఫా, కాలేయంలో ఎక్కువగా బీటా. మామూలు హార్మోన్ రెండిటినీ తడుతుంది. ప్రధానంగా బీటానే తట్టే రెస్మెటిరోమ్ అనే మందుకు 2024 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. కాలేయం వాచి, మచ్చలు ముదురుతున్న దశకే అది. గ్రేడ్ 1 వాళ్లకు కాదు.

డాక్టరు గారు పిన్నికి మాత్ర రాయలేదు. ఒళ్లే థైరాయిడ్‌పై దాడి చేస్తోందేమో తేల్చే యాంటీబాడీల పరీక్ష రాసి, ఐదారు కిలోలు తగ్గి మూడు నెలల తర్వాత మళ్లీ టీఎస్‌హెచ్ చేయించుకోమన్నారు. పిన్ని కాసేపు ఆలోచించి, "అయితే పొద్దున్నే మాత్ర వేసుకుని కాఫీకి అరగంట ఆగక్కర్లేదుగా?" అంది.

ఆగక్కర్లేదు. కానీ ఆ రెండు చెంచాల పంచదార సంగతి ఎవరు చెప్తారు?