స్లాట్‌లో పట్టిందంటే పనిచేస్తుందా? ల్యాప్‌టాప్ ఎస్ఎస్‌డీ మీద అపోహలు - వాస్తవాలు

మొన్న రాత్రి విజయవాడ గవర్నర్‌పేటలో షాపు షట్టరు సగం దించేశాక ఒక కుర్రాడు వచ్చాడు. కానూరులో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఒక చేతిలో ల్యాప్‌టాప్, ఇంకో చేతిలో కొత్త ఒక టీబీ ఎస్ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ బదులు వాడే వేగమైన డ్రైవ్) డబ్బా. "అన్నా, స్లాట్‌లో చక్కగా పట్టింది, స్క్రూ కూడా వేశాను. విండోస్ కన్నా ముందు వచ్చే బయోస్ స్క్రీన్‌లోనే కనపడట్లేదు. మదర్‌బోర్డు పోయిందంటన్నారు" అన్నాడు. ఎవరయ్యా అన్నది అంటే, ముందు వెళ్లిన చోటట. బోర్డు పనికి నాలుగున్నర వేలు అడిగారట. ఆ ఎస్ఎస్‌డీ డబ్బులే నాన్న ధాన్యం అమ్మి పంపాడని, బోర్డు సంగతి ఇంట్లో ఎలా చెప్పాలో తెలియడం లేదని మొహం వేలాడేశాడు.

బోర్డుకి ఏమీ కాలేదు. తీసేసిన పాత 256 జీబీ ఎం.2 డ్రైవ్ మళ్లీ పెట్టగానే విండోస్ లేచి కూర్చుంది. పాతదాని స్టిక్కర్ మీద సాటా అని ఉంది, కొత్తదాని మీద ఎన్‌వీఎంఈ అని ఉంది. ఇవి డ్రైవ్‌కీ బోర్డుకీ మధ్య డేటా నడిచే రెండు వేర్వేరు పద్ధతులు: సాటా పాతది, నెమ్మది; ఎన్‌వీఎంఈ కొత్తది, వేగం. జరిగింది ఇంతే.

అపోహ: ఎం.2 అంటే ఎన్‌వీఎంఈ. స్లాట్‌లో పట్టిందంటే పనిచేయాల్సిందే.

నెలకి రెండు మూడుసార్లయినా ఈ మాట వింటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లకి అన్నిటికన్నా ఎక్కువ డబ్బు తగలేస్తున్నది ఇదే, కాబట్టి దీని గురించే ఎక్కువ చెబుతాను. ఎం.2 అనేది ఈ పల్చటి కార్డు లాంటి డ్రైవ్ ఆకారం పేరు. ఆ ఆకారంలో సాటా డ్రైవులూ ఉన్నాయి, పీసీఐఈ అనే వేగమైన దారిలో నడిచే ఎన్‌వీఎంఈ డ్రైవులూ ఉన్నాయి. గోడకున్న కుళాయిని చూసి వచ్చేది కృష్ణ నీళ్లో బోరు నీళ్లో చెప్పలేం కదా. స్లాటూ అంతే. బోర్డు తయారుచేసినప్పుడు ఆ స్లాటు వెనక ఏ లైను లాగారన్నదే లెక్క. కొన్ని బోర్డుల్లో సాటా ఒక్కటే ఉంటుంది, కొన్నిట్లో పీసీఐఈ ఒక్కటే, కొన్నిట్లో రెండూ ఉంటాయి. పైకి మూడూ ఒకేలా కనపడతాయి.

మరి డ్రైవ్ కొసన పిన్నుల మధ్య ఉండే గాట్లు చూసి చెప్పొచ్చుగా అంటారు. సాటా రకానికి సాధారణంగా రెండు గాట్లు, ఎన్‌వీఎంఈకి ఒకటి. నిజమే. కానీ ల్యాప్‌టాపుల్లో ఎక్కువగా ఉండే ఎం కీ అనే రకం స్లాట్‌లోకి రెండు గాట్లదీ దూరుతుంది, ఒక గాటుదీ దూరుతుంది. పైగా రెండు లేన్ల (లేన్ అంటే డేటా నడిచే వరస) ఎన్‌వీఎంఈ డ్రైవులు కొన్ని రెండు గాట్లతోనే వచ్చాయి. గాట్లు చూసి డబ్బులు పెట్టకండి.

దీనికి తోడు మార్కెట్లో ఇంకో గందరగోళం ఉంది. ఎన్‌జీఎఫ్ఎఫ్ అన్నది ఎం.2కే మొదట్లో ఉన్న పేరు. అమ్మేవాళ్లేమో దాన్ని సాటా రకానికి వాడుతున్నారు. ఆన్‌లైన్‌లో 'ఎన్‌జీఎఫ్ఎఫ్ ఎం.2' అని తక్కువ ధరకి కనపడితే అది దాదాపుగా సాటాయే. ఈమధ్య వచ్చిన ల్యాప్‌టాపుల్లో చాలావాటికి పీసీఐఈ ఒక్కటే ఉంటుంది. వాటిలో ఇది పెడితే కుర్రాడి కథే తిరగేసి జరుగుతుంది.

ఎలా చూసుకోవాలి? వెనక మూత తీయకముందే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ వేసి ఇంటర్‌ఫేస్ అన్న చోట చూడండి. ఎన్‌వీఎం ఎక్స్‌ప్రెస్ అనో, సీరియల్ ఏటీఏ (అంటే సాటా) అనో ఉంటుంది. ఇప్పుడున్న రకమే కొంటే భయం లేదు. రకం మార్చాలనుకుంటేనే మాన్యువల్ తెరవాలి. డెల్‌కి సర్వీస్ ట్యాగ్ కొడితే వస్తుంది, హెచ్‌పీకి మెయింటెనెన్స్ అండ్ సర్వీస్ గైడ్ ఉంటుంది, లెనోవోకి పీఎస్ఆర్ఈఎఫ్ అనే సైటు ఉంది. అడుగున స్టిక్కర్ మీదున్న పూర్తి మోడల్ నంబరుతోనే వెతకండి. ఒకే సిరీస్ పేరు మీద రెండు మూడు రకాల బోర్డులు వస్తాయి. "మా ఫ్రెండుదీ ఇదే ల్యాప్‌టాప్ అన్నా, వాడికి పనిచేసింది" అనేవాళ్లు ఆ సంగతి మర్చిపోతారు.

నేనేమీ పుట్టుకతో నేర్చుకుని రాలేదు. షాపు పెట్టిన కొత్తలో ఒక ఆడిటరు గారి ల్యాప్‌టాప్‌కి మూత తీసి చూడకుండానే ఎన్‌వీఎంఈ తెప్పించాను. పట్టింది, కనపడలేదు. సీలు తీశాక వెనక్కి తీసుకోరు కాబట్టి నష్టం నాదే. సర్లే, యూఎస్‌బీ కేసులో పెట్టి ఎక్స్‌టర్నల్‌గా వాడుకుందామని కేసు కొంటే, అది సాటాకి మాత్రమే పనికొచ్చే కేసు! కేసుల్లోనూ ఈ తేడా ఉంటుందని అలా రెండోసారి డబ్బులు పెట్టి తెలుసుకున్నాను. ఆ డ్రైవ్ చాన్నాళ్లు నా డ్రాయరులో ఉంది, మా ఆవిడ ఎప్పుడు డ్రాయరు తీసినా ఒకసారి చూసి మూసేది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

పొడవు చూడాలి. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. 2242, 2230 కూడా ఉన్నాయి. పొట్టి స్లాట్‌లో పొడుగుది పట్టదు. పల్చటి ల్యాప్‌టాపుల్లో రెండు వైపులా చిప్పులున్న డ్రైవ్, హీట్‌సింక్ అంటించి వచ్చిన డ్రైవ్ ఇరుక్కుంటాయి. మూత నొక్కి బిగించకండి.

జెన్ అంటే పీసీఐఈ తరం. జెన్ 4 డ్రైవ్ జెన్ 3 స్లాట్‌లో పనిచేయదనేది ఒట్టిమాట. జెన్ 3 వేగంతో పనిచేస్తుంది, అంటే సెకనుకి సుమారు 3,500 ఎంబీ దాకా. ఆపై వేగం కోసం పెట్టిన డబ్బు వృథా, అంతవరకే నష్టం.

మన ఎండలకి ఎన్‌వీఎంఈ కాలిపోతుందని ఎవరు పుట్టించారో గానీ, రోహిణి కార్తెలో రోళ్లు పగిలినా అది కాలిపోదు. మరీ వేడెక్కితే తనే వేగం తగ్గించుకుంటుంది. మంచం మీద దుప్పటిలో పెట్టుకుని వాడటం మానండి చాలు.

ఎస్ఎస్‌డీ మారిస్తే విండోస్ లైసెన్సు పోతుందని భయపడతారు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన లైసెన్సు మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది. అదే ఎడిషన్ (హోమ్, ప్రో లాంటిది) వేస్తే నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది.

బయోస్‌లో కనపడుతుంది, విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం లిస్టు ఖాళీ. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాపుల్లో వీఎండీ అనే ఇంటెల్ స్టోరేజ్ సెట్టింగు ఆన్‌లో ఉండటం వల్ల ఇలా అవుతుంది. ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని 'లోడ్ డ్రైవర్' నొక్కండి. డ్రైవ్ చెడిపోయిందని రిటర్న్ పెట్టేవాళ్లలో కొందరి సమస్య ఇదే.

డేటా గురించి టెన్షన్ పడేవాళ్లని మాత్రం నేనెప్పుడూ విసుక్కోను. గుంటూరు నుంచి ఒక దస్తావేజు లేఖరి గారు వచ్చారు. ఇరవై ఏళ్ల డ్రాఫ్టులు ఉన్నాయట అందులో. పాత డ్రైవ్‌లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి ఎక్కించే క్లోనింగ్ అయ్యేదాకా రెండు గంటలు స్టూలు మీంచి లేవలేదు, టీ తెప్పించినా గ్లాసు పట్టుకుని స్క్రీనే చూస్తున్నారు. "పాతదాంట్లోంచి ఏదీ చెరగదండీ, ఇది ఒట్టి నకలే" అన్నాక నకలు అన్న మాట ఆయనకి బాగా అర్థమైంది. ప్రమాదం ఒకచోటే ఉంది: సాఫ్ట్‌వేర్‌లో ఏది పాతదో ఏది కొత్తదో తారుమారుగా ఎంచుకుంటే ఖాళీ డ్రైవ్ వచ్చి నిండుదాని మీద పడుతుంది. నొక్కేముందు సైజూ మోడలూ పైకి చదువుకోండి. డ్రైవ్‌కి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఉందేమో చూసి రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. పని అయ్యాక పాత డ్రైవ్ అడిగి తీసుకోండి, నెల దాకా చెరపకండి.

కుర్రాడి సంగతికొస్తే, రిటర్న్‌కి ఇంకా రెండు రోజులు గడువుంది. అక్కడే నా ముందే రిటర్న్ పెట్టించాను. అతని మోడల్ మాన్యువల్ తీసి చూస్తే స్లాటు సాటా మాత్రమే. ఎం.2లో సాటా డ్రైవులు ఇప్పుడు అన్ని సైజుల్లో దొరకడం లేదు. లోపల రెండున్నర అంగుళాల హార్డ్‌డిస్క్ అరలో పాత హార్డ్‌డిస్క్ ఇంకా ఉంది, అది తీసి అక్కడ మామూలు సాటా ఎస్ఎస్‌డీ పెట్టుకోమన్నాను. ఎం.2 సాటా అయినా ఇదైనా వేగం ఒకటే, సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. "అయితే బోర్డు పని అక్కర్లేదా అన్నా?" అని మెట్లు దిగుతూ ఇంకోసారి అడిగాడు.