ఓటు పెట్టెకు వచ్చినవాళ్లను ఆపిందెవరు?

2005 జూన్ 20న కైరోలోని అమెరికన్ యూనివర్సిటీలో అమెరికా విదేశాంగ మంత్రి కాండొలీజా రైస్ ఒక పెద్ద మాట ఒప్పుకున్నారు. అరవై ఏళ్లుగా పశ్చిమాసియాలో తమ దేశం ప్రజాస్వామ్యాన్ని పక్కనపెట్టి స్థిరత్వం కోసం పాకులాడిందని, చివరికి రెండూ దక్కలేదని చెప్పారు. మరి ఈజిప్టులోని ఇస్లామిక్ రాజకీయ సంస్థ ముస్లిం బ్రదర్‌హుడ్ సంగతేమిటని అడిగితే మాత్రం, వాళ్లతో సంబంధాలు పెట్టుకోబోమన్నారు.

ఆ వెనకడుగుకు కారణం అల్జీరియా. 1991 డిసెంబర్‌లో తొలి దశ ఎన్నికల్లోనే అక్కడి ఇస్లామిక్ పార్టీ ఇస్లామిక్ సాల్వేషన్ ఫ్రంట్ 188 సీట్లు గెలుచుకుంది. మరుసటి నెలే సైన్యం ఎన్నికలు రద్దు చేసింది. పాశ్చాత్య ప్రభుత్వాలు గట్టిగా అడ్డుచెప్పలేదు. ఇలాంటి పార్టీ గెలిస్తే ఇక మళ్లీ ఎన్నికలుండవన్న భయం వాళ్లది. ఆ తర్వాత రేగిన అంతర్యుద్ధంలో లక్షమందికి పైగా చనిపోయారు.

ఈజిప్టు బ్రదర్‌హుడ్‌ది వేరే దారి. 1940లలో దానికి రహస్య సాయుధ విభాగం ఉండేది, నిజమే. కానీ 1970ల నుంచి సంస్థ హింసను వదిలి యూనియన్లు, సేవా కార్యక్రమాలు, ఎన్నికల మీద పడింది. నిషేధం ఉండటంతో 2005లో ఇండిపెండెంట్లుగా పోటీచేసి 88 సీట్లు గెలిచింది. తొలి దశలో వాళ్ల జోరు చూశాక పోలీసులు బూత్‌లను చుట్టుముట్టారు. నైలు డెల్టాలో కొన్నిచోట్ల ఓటర్లు గోడకు నిచ్చెనలు వేసుకుని లోపలికి దిగి మరీ ఓటేశారు. ప్రజాస్వామ్యం కోసం తపించేవాళ్లు అంతకన్నా ఏం చేయాలి?

2006 జనవరిలో పాలస్తీనాలో సాయుధ ఇస్లామిక్ సంస్థ హమాస్ 132 సీట్లలో 74 గెలిచింది. ఆయుధం వదలని హమాస్‌నూ, వదిలేసిన వాళ్లనూ వాషింగ్టన్ ఒకే గాటన కట్టింది. నా ఉద్దేశంలో అసలు నష్టం అక్కడే జరిగింది. ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్ మీద అమెరికా ఒత్తిడి సడలింది. 2007లో రాజ్యాంగాన్ని సవరించి, మతం ప్రాతిపదికన పార్టీలు పెట్టకూడదన్నారు. ప్రజాస్వామ్య ప్రచారం పేరుతో అమెరికా నిధులు అప్పుడూ వస్తూనే ఉన్నాయి. ఓట్లు పడే పార్టీకి మాత్రం దారి మూసేశారు.

2011లో ప్రజల తిరుగుబాటుతో ముబారక్ దిగిపోయాక, 2012లో బ్రదర్‌హుడ్ నేత మొహమ్మద్ మొర్సీ అధ్యక్షుడయ్యారు. ఆయన పాలనలో తప్పులున్నాయి. అధికారాలన్నీ తన చేతిలోకి తీసుకునే డిక్రీ జారీ చేయడం వాటిలో పెద్దది. అయినా ఆయన్ను దించింది ఓటర్లు కాదు, 2013 జులైలో సైన్యం. దాన్ని సైనిక కుట్ర అనడానికి కూడా అమెరికా ఒప్పుకోలేదు. సైన్యం ప్రజాస్వామ్యాన్ని పునరుద్ధరిస్తోందని ఆగస్టు 1న అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి జాన్ కెర్రీ అన్నారు. రెండు వారాలకే కైరోలోని రబా కూడలిలో మొర్సీ మద్దతుదారుల మీద భద్రతా దళాలు కాల్పులు జరిపాయి. ఆ ఒక్కరోజే 800 మందికి పైగా చనిపోయారు.