అయిదు శాతం కోత ఎవరి మీద పడుతుంది?

అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్, అంటే ఎన్‌ఐహెచ్, బడ్జెట్‌లో కోత అనగానే అందరి కళ్లూ శాతం మీదే ఉంటాయి. కోతను వ్యతిరేకించేవాళ్లు చూడాల్సింది అది ఎవరి మీద పడుతుందన్నది. గ్రాంటు సాధారణంగా నాలుగైదేళ్లకు మంజూరవుతుంది, డబ్బు మాత్రం ఏటా విడుదలవుతుంది. అందుకే ఏ ఏడాదైనా గ్రాంట్ల సొమ్ములో సింహభాగం పాతవాటికే పోతుంది, కొత్తవాటికి మిగిలేది ఇంచుమించు అయిదో వంతు. పాతవాటి జోలికి పోకుండా మొత్తం మీద 5 శాతం తగ్గిస్తే, కొత్తవాళ్ల వాటాలో నాలుగో వంతు ఎగిరిపోతుంది.

2013 సీక్వెస్టర్‌లో, అంటే ప్రభుత్వ ఖర్చులకు చట్టప్రకారం ఆటోమేటిగ్గా పడిన కోతలో, సరిగ్గా ఆ 5 శాతమే, సుమారు 155 కోట్ల డాలర్లు పోయాయి. నడుస్తున్న గ్రాంట్లకూ కత్తెర వేసి దెబ్బను పంచారు. అయినా కొత్తగా ఇచ్చేవాటిలో 700 దాకా తగ్గాయి.

కొత్తవాళ్లకు ఈ ఇరుకు రావడానికి మూలం, విచిత్రంగా, ఒక పెంపులో ఉంది. 1998 నుంచి 2003 లోపు బడ్జెట్ 1,360 కోట్ల డాలర్ల నుంచి 2,700 కోట్లకు చేరింది. విశ్వవిద్యాలయాలు భవనాలు కట్టాయి, పీహెచ్‌డీ విద్యార్థులను చేర్చుకున్నాయి. వాళ్లు సొంతంగా దరఖాస్తు చేసే వేళకు పెంపు ఆగిపోయింది. 2000 ప్రాంతంలో దాదాపు ముగ్గురిలో ఒకరికి దక్కిన గ్రాంటు 2013కి ఆరుగురిలో ఒకరికి వచ్చింది. వివరమైన పద్దు ఇవ్వకుండా అడిగే మాడ్యులర్ బడ్జెట్‌కు 1999లో పెట్టిన ఏడాదికి 2.5 లక్షల డాలర్ల పరిమితి, ధరలు పెరిగినా, పాతికేళ్లు దాటినా కదల్లేదు. పైకి కనపడని కోత ఇది.

పరోక్ష ఖర్చుల, అంటే పరిశోధన జరిగే సంస్థకు దాని నిర్వహణ కోసం అదనంగా ఇచ్చే సొమ్ము, తగాదా వేరు. 60 శాతం రేటు అంటే గ్రాంటులో 60 శాతం అని చాలామంది పొరబడతారు. పరిశోధనకు 100 డాలర్లిస్తే, దాని మీద 60 అదనం. అంటే 160లో 60, మొత్తంలో 37.5 శాతం. అందులోనే కరెంటు, జంతుశాల, రసాయన వ్యర్థాల తొలగింపు, ఎథిక్స్ కమిటీ ఉంటాయి. పాలనా ఖర్చులకు 1991 నుంచే 26 శాతం పరిమితి ఉంది. 2017లో ట్రంప్ ప్రభుత్వం పరోక్ష ఖర్చులను 10 శాతానికి కుదించాలని చూస్తే, అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఒప్పుకోకపోగా రేట్లు మార్చొద్దని నిధుల చట్టంలోనే నిబంధన రాసింది. 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన 15 శాతం పరిమితిని కోర్టు అడ్డుకోవడంలో ఆ నిబంధనే పనికొచ్చింది.

2025లోనే మరో ఎత్తు. కొన్ని కొత్త గ్రాంట్లకు అన్నేళ్ల సొమ్మూ ముందే చెల్లించడం మొదలైంది. మొత్తం బడ్జెట్ తగ్గదు, గ్రాంట్ల సంఖ్య మాత్రం పడిపోతుంది.

అందుకే ‘కోత వద్దు’ అనే ఒక్క మాటతో లేఖ రాస్తే చాలదు. కాంగ్రెస్‌లో ఆరోగ్య నిధుల కేటాయింపును చూసే అప్రోప్రియేషన్స్ సబ్‌కమిటీ సభ్యులను, బిల్లు ముసాయిదా ఖరారు కాకముందే మూడు అడగాలి: ద్రవ్యోల్బణాన్ని మించి ఏటా కొంత పెంపు, పరోక్ష ఖర్చుల నిబంధన కొనసాగింపు, ముందస్తు చెల్లింపులకు హద్దు. ఆర్థిక సంవత్సరం మొదలయ్యే అక్టోబరు 1కి బిల్లు ఆమోదం పొందక తాత్కాలిక నిధులతో నెట్టుకొస్తే, నడుస్తున్న గ్రాంట్లకు కూడా సాధారణంగా 90 శాతమే విడుదల చేస్తారు.