ఇంధనం లేకుండా ఉపగ్రహాన్ని నెట్టే తీగ: అపోహలు – వాస్తవాలు

ఉపగ్రహం నుంచి వేలాడదీసే పొడవాటి లోహపు తీగ ఇది, పేరు ఎలక్ట్రోడైనమిక్ టెథర్. అందులో కరెంటు పారితే భూ అయస్కాంత క్షేత్రం తీగను నెడుతుంది, దానితో ఉపగ్రహమూ కదులుతుంది.

అపోహ: ఇంధనం అక్కర్లేదంటే శక్తి ఖర్చే ఉండదు.

ఇంధనం వద్దు గానీ కరెంటు కావాలి. భూమికి దగ్గరి కక్ష్యలో ఉపగ్రహం సెకనుకు సుమారు 7.5 కిలోమీటర్ల వేగంతో భూ అయస్కాంత క్షేత్రాన్ని కోసుకుంటూ పోతుంది. దాంతో నిలువుగా వేలాడే తీగలో, కక్ష్య వాలును బట్టి, కిలోమీటరుకు 150–220 వోల్టుల దాకా పుడతాయి. ఆ వోల్టేజీ తోసిన వైపే కరెంటును పారనిస్తే ఉపగ్రహం కిందికి దిగుతుంది. పైకి ఎక్కాలంటే సోలార్ ప్యానెళ్ల నుంచి అంతకు మించిన వోల్టేజీ పెట్టి కరెంటును ఎదురు నడపాలి. లెక్క చూడండి: 5 కిలోమీటర్ల తీగ, 1 ఆంపియర్, 30 మైక్రోటెస్లాల క్షేత్రం. వచ్చే బలం 0.15 న్యూటన్లు, అంటే 15 గ్రాముల బరువంత. అందుకు సుమారు 1.1 కిలోవాట్లు కావాలి. తీగ నిరోధంలో పోయేది దీనికి అదనం.

అపోహ: పొడవాటి తీగ ఉంటే చాలు, కరెంటు పారుతుంది.

అసలు కష్టమంతా ఇక్కడే. సర్క్యూట్ పూర్తవ్వాలంటే తిరుగు దారి చుట్టూ ఉన్న ప్లాస్మానే, అంటే ఎలక్ట్రాన్లు, అయాన్లు విడివిడిగా తిరిగే పలచని వాయువే. ఒక కొస ఎలక్ట్రాన్లను పట్టాలి, రెండోది వదలాలి. పట్టడానికి కొసన లోహపు గోళం కన్నా ఇన్సులేషన్ లేని అల్యూమినియం టేపు మేలు, చాలా పొడవునా సేకరిస్తుంది. వదలడానికి సాధారణంగా హాలో కాథోడ్ (వాయువు సాయంతో ఎలక్ట్రాన్లను చిమ్మే బోలు గొట్టం) వాడతారు. అది కొద్దికొద్దిగా జెనాన్ వాయువు వాడుకుంటుంది కాబట్టి, ఆ డిజైన్లలో ‘సున్నా ఇంధనం’ అన్నమాట అక్షరాలా నిజం కాదు. 1993లో నాసా పీఎంజీ (ప్లాస్మా మోటార్ జనరేటర్) ప్రయోగంలో 500 మీటర్ల తీగకు రెండు కొసలా హాలో కాథోడ్లే పెట్టి, కరెంటును రెండు దిశల్లోనూ నడిపి చూపారు. రాత్రి వైపు ప్లాస్మా పలచబడితే కరెంటు, దానితో తోపూ పడిపోతాయి. భూస్థిర కక్ష్యలోనైతే క్షేత్రమూ ప్లాస్మా కూడా మరీ బలహీనం, అక్కడ ఈ పద్ధతి దండగ.

అపోహ: 1996లో తీగ తెగిందంటే సూత్రమే తప్పు.

ఆ ఏడాది స్పేస్ షటిల్ నుంచి తీగను వదిలిన ప్రయోగంలో 19.7 కిలోమీటర్లు విప్పేసరికి 3,500 వోల్టులు పుట్టాయి, అంచనాలకు మించి కరెంటు పారింది. దెబ్బతిన్న ఇన్సులేషన్ దగ్గర ఆర్క్ (విద్యుత్ మెరుపు) లేచి, బరువు మోసే కెవ్లార్ అనే గట్టి పోగులు కాలిపోయాయి. అందుకే ఇన్సులేటెడ్ తీగను ప్రతి మీటరూ హై వోల్టేజీతో పరీక్షించాలి, తీగ చుట్టిన డ్రమ్ములో లోహపు రజను ఉండకూడదు. విప్పే యంత్రమూ అంతే కీలకం: 1992లో షటిల్ తొలి ప్రయత్నంలో యంత్రం పొడుచుకొచ్చిన ఒక బోల్టుకు తగిలి 20 కిలోమీటర్ల తీగలో 300 మీటర్లు కూడా రాలేదు. 2017లో జపాన్ కైట్ ప్రయోగంలో 700 మీటర్ల తీగ అసలు విచ్చుకోలేదు.

అపోహ: గురుత్వమే తీగను నిటారుగా ఉంచుతుంది.

కరెంటు లేనప్పుడు దాదాపు నిజమే. వాలు కక్ష్యలో కరెంటు పారితే బలంలో కొంత పక్కకు తోస్తుంది, ఒక చుట్టుకు రెండుసార్లు. తీగ పక్కకు ఊగే సహజ వేగమూ అదే! ఊయలను సరైన సమయానికి తోసినట్టు ఊపు పెరుగుతూ పోతుంది. ఊపును కొలుస్తూ తగిన క్షణంలో కరెంటు తగ్గించాలి.

అపోహ: సన్నటి తీగను అంతరిక్ష శకలాలు తాకవు.

1994లో ఒక ప్రయోగంలో 0.78 మిల్లీమీటర్ల మందం తీగ నాలుగు రోజులకే తెగింది. 1996లో టిప్స్ అనే అమెరికా ప్రయోగంలో పంపిన అల్లిక తీగ 2 మిల్లీమీటర్ల మందం, సుమారు పదేళ్లు నిలిచింది. ఒంటి తీగ బదులు టేపో, అడ్డపోగులతో ముడివేసిన బహుళ పోగుల వలో వాడండి.